కడితం నుంచి నోట్‌ప్యాడ్ దాకా



ఈ ప్రత్యేక సంచికకు సభ్యులు తమ సర్వీసు జ్ఞాపకాలను టైపు చేసి పంపవలసిందిగా మన కార్యవర్గం కోరినప్పటి నుంచి పలువురు మిత్రులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మా అబ్బాయి కంప్యూటరు తెచ్చి పెట్టాడయ్యా. తెలుగు కొట్టడం కూడా కొంచెం అలవాటైంది. అయితే ఎందులో కొట్టాలి?" అని. ఒక్క మాటలో జవాబు చెప్పి పంపవచ్చు. కానీ ఆ ఒక్క మాట నేను చాలా పోగొట్టుకున్న తరువాత నేర్చుకున్నది. మీకు ఆ నష్టం రాకూడదని, మన రాయదుర్గం తాలూకా కరణాల కాలం నుంచి వరుసగా మనవి చేస్తున్నాను. కాస్త ఓపికతో చదవగోరుతాను.

కడితము, బలపము

మా తాతగారు, మా నాయనగారు ఈ తాలూకాలోనే కరణీకం చేసినవారు. చిన్నప్పుడు మా అటక మీద నల్లగా, బరువుగా ఒక మడతల కట్ట ఉండేది. దానిని కడితం అనేవారు. నూలు గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి కలిపి పట్టించి, ఆరబెట్టి, విసనకర్ర మాదిరి మడతలు వేసేవారు. దాని మీద బలపంతో రాస్తే పలక మీద రాసినట్లు తెల్లగా కనిపించేది. లెక్క తప్పితే తుడిచి మళ్ళీ రాసుకోవచ్చు. బ్రౌను దొర 1852లో అచ్చు వేయించిన నిఘంటువులో కడితము అనే మాటకు చోటిచ్చాడు. మైసూరు చరిత్ర రాసిన మార్క్ విల్క్స్ 1810 నాటి తన గ్రంథంలో దీని తయారీని వర్ణించాడు. శృంగేరి మఠంలో ఇటువంటి కడితాలను భద్రపరిచారు.

కడితంలో సొగసు ఏమీ లేదు. రంగు సిరా లేదు, అంచు లేదు, బొమ్మ లేదు. రాయడం, తుడవడం, మళ్ళీ రాయడం, మడిచి చంకన పెట్టుకుని పొలం గట్టుకు పోవడం, అంతే. రోజువారీ పనికి అది చాలింది.

అయితే మా తాతగారి కడితం ఈనాడు మా ఇంట్లో ఎవ్వరికీ చదవరాదు. కారణం గుడ్డ చెడిపోవడం కాదు. అది గొలుసుకట్టు రాత. చెయ్యి ఎత్తకుండా, తలకట్టు సరిగా పెట్టకుండా, మాటకూ మాటకూ ఎడం ఇవ్వకుండా అక్షరాలను కలిపేస్తూ పోయే రాత. రాసేవారికి వేగం. అలవాటున్న కరణానికి తప్ప మరొకరికి అందదు. 1984లో ప్రభుత్వం మునసబు, కరణాల వ్యవస్థను రద్దు చేసి రికార్డులు స్వాధీనం చేసుకున్నప్పుడు, నేను పనిచేస్తున్న కచేరికి కూడా అటువంటి కట్టలు వచ్చాయి. చదివి చెప్పమని పాత కరణాలనే బ్రతిమాలి పిలిపించుకోవలసి వచ్చేది. రాసింది ఉంది, చదవగలవారే కరువయ్యారు. ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి. కంప్యూటరు దగ్గర మళ్ళీ ఇదే ఎదురవుతుంది.

డ్రాఫ్టు వేరు, ఫేర్ కాపీ వేరు

నేను 1970ల తొలినాళ్ళలో ఎల్.డి.సి.గా చేరాను. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారు అధ్యక్షులుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. ఆ తరువాతనే తెలుగు టైపు మిషన్లు కచేరీలకు విరివిగా రాసాగాయి. ఇంగ్లీషు అక్షరాల కోసం పుట్టిన ఆ యంత్రంలో మన అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు ఇరికించడం సామాన్యమైన పని కాదు. కొన్ని మీటలు నొక్కితే క్యారేజీ కదలదు. ముందు గుర్తు పడి, దాని మీద అక్షరం వచ్చి కూర్చోవాలి. తెలుగు టైపు లోయరు, హయ్యరు పరీక్షలు రాసినవారికి ఆ వేళ్ళ నొప్పి ఇప్పటికీ గుర్తే ఉంటుంది. ఆ యంత్రాల కాలం కూడా ముగిసింది. గోద్రెజ్ కంపెనీ 2009లో టైపురైటర్ల తయారీ నిలిపివేసింది.

ఆ కచేరీ పద్ధతిలో ఒక తెలివి ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది. గుమాస్తా మామూలు కాగితం మీద డ్రాఫ్టు రాస్తాడు. సూపరింటెండెంటు దిద్దుతాడు, ఆఫీసరు మరి నాలుగు మాటలు కొట్టివేస్తాడు. విషయం తేలిన తరువాతనే టైపిస్టు మార్జిను చూసుకుని, కార్బను పెట్టి, ఫేర్ కాపీ తీస్తాడు. సర్క్యులరు అయితే స్టెన్సిలు కోస్తాడు. రాసేది ఒక పని, ముస్తాబు మరొక పని. మన ఊరి జీన్స్ షెడ్లలో కూడా అంతే కదా. ముందు కత్తిరింపు, కుట్టు. ఉతుకూ రంగూ తరువాత. కుట్టే మిషను దగ్గరే రంగు బకెట్టు పెట్టుకుంటే ఏ పనీ సాగదు.

తెర మీద సాదా రాత

కంప్యూటరు లోకంలోనూ ఈ తేడా మొదటినుంచీ ఉంది. 1963లో అమెరికాలో ఆస్కీ అనే ప్రమాణం ఏర్పరచారు. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క అంకె. మొత్తం 128 స్థానాలు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, యంత్రానికి కొన్ని ఆజ్ఞలు, అంతటితో సరి. ఈ అంకెల వరుసను మాత్రమే దాచుకునే ఫైలును సాదా పాఠం అనవచ్చు. అందులో అక్షరం లావు, రంగు, మార్జిను వంటివి ఏవీ ఉండవు. అటువంటి ఫైలును తెరిచి దిద్దే పనిముట్టే టెక్స్ట్ ఎడిటర్.

1969లో బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్ "ఎడ్" అనే ఎడిటర్ రాశారు. అప్పుడు తెర కూడా లేదు. టెలిప్రింటర్ వంటి యంత్రం మీద వరుసకు వరుస దిద్దుకోవడమే. 1976లో బిల్ జాయ్ "వి.ఐ." తయారుచేశారు. 1985లో విండోస్ మొదటి రూపంతో పాటే నోట్‌ప్యాడ్ వచ్చింది. అది నేటికీ ప్రతి విండోస్ కంప్యూటరులో ఉంది. 1960లలో రాసిన ఆస్కీ ఫైలును ఈనాటి నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదువుకోవచ్చు. మరే రకం ఫైలుకూ ఇంత ఆయుష్షు లేదు.

1990లలో కంప్యూటరు శిక్షణకు వెళ్ళిన సభ్యులకు వర్డ్‌స్టార్ గుర్తుండే ఉంటుంది. 1978లో వచ్చిన ఆ ప్రోగ్రాము రెండు విధాలుగా ఫైలు తెరిచేది, డాక్యుమెంటు, నాన్-డాక్యుమెంటు అని. డాక్యుమెంటు పద్ధతిలో రాస్తే అది మాటల చివరి అక్షరాలకు తన సొంత గుర్తు తగిలించేది. ఆ ఫైలును మరో చోట తెరిస్తే మాటల చివర వింత అక్షరాలు కనిపించేవి. నాన్-డాక్యుమెంటులో రాసింది మాత్రం ఎక్కడైనా సరిగ్గా తెరుచుకునేది. శిక్షణలో ఈ రెండోది ఎందుకో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఒక ఫ్లాపీ కథ

ఇక నేను పోగొట్టుకున్న సంగతి. 1998లో మా నాయనగారు ఎనభై దాటినవారు. ఆయన చెబుతుండగా రెండు లాంగు నోటు పుస్తకాల నిండా రాసుకున్నాను. 1952 నాటి కరువు, ఊళ్ళలో గంజి కేంద్రాలు, పశువులను తోలుకుని వలసపోయిన కుటుంబాలు. 1953 సెప్టెంబరు దాకా బళ్ళారి జిల్లాలో ఉన్న మన రాయదుర్గం తాలూకా, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన అక్టోబరు 1 నుంచి అనంతపురం జిల్లాలోకి రావడం, అప్పుడు కరణాలు పడిన తిప్పలు. మా పల్లె చెరువు కింద ఏ మడికి ఏ పేరు, ఏ తూము నీళ్ళు ఎవరి పొలానికి ముందు, ఆ పేర్లు ఎందుకు వచ్చాయి, అన్నీ చెప్పారు.

దానిని ఒక డి.టి.పి. షాపులో ఇచ్చి టైపు చేయించాను. అరవై పుటలకు పైగా వచ్చింది. ప్రూఫు దిద్ది తిరిగి ఇచ్చాను. ఫ్లాపీ చేతికి వచ్చింది కదా అని నోటు పుస్తకాలను పాత పేపర్లతో పాటు తూకానికి వేశాను. ఆ తప్పు ఎవరిదీ కాదు, నాదే. డబ్బు సమకూరినప్పుడు అచ్చు వేయించవచ్చునని ఫ్లాపీని బీరువాలో పెట్టాను. 2001లో నాయనగారు కాలం చేశారు.

నేను రిటైరైన తరువాత, 2010లో, ఆ ఫ్లాపీ బయటికి తీశాను. ఫ్లాపీ పట్టే కంప్యూటరు దొరకడమే కష్టమైంది. అందులో నాలుగు ఫైళ్ళున్నాయి. మూడు పేజ్‌మేకర్ ఫైళ్ళు ఎంత ప్రయత్నించినా తెరుచుకోలేదు. ఆ షాపు అప్పటికే లేదు. నాలుగోది సాదా టెక్స్ట్ ఫైలు. అది వెంటనే తెరుచుకుంది. కానీ మా మనుమరాలు చూసి, "తాతా, ఇది ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు" అంది. ఆశ్చర్యార్థకాలు, డాలరు గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు కలగాపులగంగా పుటల నిండా ఉన్నాయి.

కారణం తరువాత తెలిసింది. ఆనాటి డి.టి.పి. ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చినవి. కంప్యూటరు లోపల దాచుకున్నది ఇంగ్లీషు అంకె. పైకి కనిపించేది తెలుగు బొమ్మ. ఏ స్థానంలో ఏ బొమ్మ ఉండాలో ఒక్కొక్క ఫాంటు కంపెనీది ఒక్కొక్క లెక్క. ఆ ఫాంటు లేకపోతే తెలుగు లేదు. ఇది మళ్ళీ గొలుసుకట్టే. రాసిన కరణానికి తప్ప మరొకరికి చదవరాదు.

రెండేళ్ళ తరువాత ఒక కుర్రవాడు ఫాంటు మార్పిడి ప్రోగ్రాముతో ఆ టెక్స్ట్ ఫైలును మామూలు తెలుగులోకి మార్చి ఇచ్చాడు. ఒత్తులు అక్కడక్కడ తారుమారైనా, పంతొమ్మిది పుటలు దక్కాయి. గంజి కేంద్రాల సంగతి దక్కింది. బళ్ళారి నుంచి అనంతపురానికి మారిన సంగతి దక్కింది. మడి పేర్లు, తూముల వరస పోయాయి. వాటిని చెప్పగలవారు ఇప్పుడు మా పల్లెలో లేరు. సొగసుగా పేజీలు కట్టిన మూడు ఫైళ్ళు పోయి, ఏ సొగసూ లేని ఒక్క ఫైలు మిగలడం నాకు పెద్ద పాఠమైంది.

తెలుగుకు సొంత అంకెలు

ఈ గందరగోళానికి విరుగుడు నిజానికి అంతకు ముందే పుట్టింది. ఐ.ఐ.టి. కాన్పూరులో మొదలై, 1988లో ఏర్పడిన పుణేలోని సి-డాక్‌లో పెరిగిన కృషి వల్ల భారతీయ లిపులకు ఇస్కీ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది. దానిని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో యూనికోడ్ మొదటి రూపం వెలువడింది. అందులో తెలుగుకు తనదైన స్థానం దొరికింది. ఇక్కడ దాచేది బొమ్మను కాదు, అక్షరాన్ని. "క"కు ఒక అంకె, "కొమ్ము"కు ఒక అంకె, పొల్లుకు ఒక అంకె. వాటిని కలిపి ఒత్తుగానో గుణింతంగానో చూపించడం ఫాంటు పని. ఫాంటు మారితే రూపం మారుతుంది గాని అక్షరం చెడదు.

1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు న్యూజెర్సీలోని ఒక హోటల్లో భోజనానికి కూర్చుని, బల్ల మీది కాగితం మీద గీసుకుంటూ యు.టి.ఎఫ్-8 అనే పద్ధతిని రూపొందించారు. ఎడ్ రాసిన థాంప్సనే ఈయన. యూనికోడ్ అంకెలను ఫైలులో దాచే పద్ధతి అది. పాత ఆస్కీ ఫైళ్ళు కూడా దానిలో చెక్కుచెదరవు. మన "రాయదుర్గం" అనే మాటలో గుణింతం, పొల్లు, సున్న కలిపి తొమ్మిది గుర్తులు. యు.టి.ఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్లు, అంటే మొత్తం 27 బైట్లు. ఈ లెక్కన పుటకు 1500 గుర్తుల చొప్పున, ఆనాటి 1.44 ఎం.బి. ఫ్లాపీలో కూడా మూడు వందల పుటలు పడతాయి.

2001లో విండోస్ ఎక్స్.పి. గౌతమి ఫాంటుతో తెలుగును చూపించసాగింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దేశికాచారిగారి పోతన, వేమన ఫాంట్లు, లేఖిని వంటి ఉచిత సాధనాలు సామాన్యులకు తెలుగు రాతను అందుబాటులోకి తెచ్చాయి. అయినా మన లిపిని తెర మీద చూపించడం ఎంత సున్నితమైన పనో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది. "జ్ఞా" అనే అక్షరాన్ని ఒక విధంగా కూర్చి పంపితే ఐఫోన్లు కుప్పకూలాయి. కొద్ది రోజుల్లో సరిచేశారనుకోండి.

ఏది ఎంచుకోవాలి?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. రోజువారీ రాతకు, అంటే జ్ఞాపకాలు, ఉత్తరాలు, అర్జీల డ్రాఫ్టులు, ఇంటి ఖర్చుల వివరాలు, పాటలు, వంశవృక్షం వంటివాటికి సాదా ఎడిటర్ చాలు.

విండోస్ ఉన్నవారికి నోట్‌ప్యాడే దగ్గరి దారి. కొనవలసిన పని లేదు. అయితే ఫైలు దాచేటప్పుడు "ఎన్‌కోడింగ్" అనే చోట యు.టి.ఎఫ్-8 అని ఉందో లేదో చూడండి. పాత విండోస్‌లో అక్కడ "ఆన్సీ" అని ఉండేది. అది హెచ్చరించినా వినకుండా సరే అని నొక్కితే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోయేది, తిరిగి రాదు. 2019 మే నెల విండోస్ 10 మార్పులతో యు.టి.ఎఫ్-8 దానంతట అదే వచ్చేటట్లు చేశారు. అక్షరాలు చిన్నవిగా కనిపిస్తే కంట్రోల్ మీట పట్టుకుని కూడిక గుర్తు నొక్కండి. చూపు పెద్దదవుతుంది గాని ఫైలులో ఏమీ మారదు.

నోట్‌ప్యాడ్ కూడా ఈ మధ్య బరువెక్కుతున్నది. 2023లో ట్యాబులు, 2024లో స్పెల్లింగు తనిఖీ, 2025లో లావు అక్షరాలు, శీర్షికలు, కృత్రిమ మేధ చేర్చారు. వర్డ్‌ప్యాడ్‌ను 2024లో విండోస్ 11 నుంచి తొలగించారు. కొత్త హంగులు అక్కరలేనివారు సెట్టింగులలో వాటిని ఆపివేయవచ్చు.

కొంచెం ఎక్కువ సదుపాయం కావలసినవారికి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఉంది. 2003లో డాన్ హో అనే ఆయన ఉచితంగా విడుదల చేశారు. కరెంటు పోయి కంప్యూటరు ఆగిపోయినా, దాచకుండా వదిలిన రాత చాలావరకు మళ్ళీ తెరిచినప్పుడు కనిపిస్తుంది. మన ఊరి కరెంటు సంగతి మీకు చెప్పనక్కరలేదు. లినక్స్ వాడే పిల్లలున్న ఇళ్ళలో జీఎడిట్, మౌస్‌ప్యాడ్ వంటివి చాలు. మ్యాక్ కంప్యూటరులో టెక్స్ట్ఎడిట్ తెరిచి, ఫార్మాట్ మెనూలో సాదా పాఠంగా మార్చుకోవాలి. వేళ్ళు సహకరించనివారికి ఫోనులో నోటితో చెప్పి రాయించే వసతి ఉంది. గూగుల్ 2017 ఆగస్టులో దానిని తెలుగుకు తెచ్చింది. అలా చెప్పిన దానిని తప్పులు దిద్ది, టెక్స్ట్ ఫైలుగా దాచుకోండి.

ఏది ఎంచుకున్నా మొదటిరోజే ఒక చిన్న పరీక్ష పెట్టండి. "స్త్రీ, లక్ష్మి, జ్ఞానం, రాయదుర్గం" అని నాలుగు మాటలు రాసి, దాచి, మూసి, మళ్ళీ తెరవండి. తరువాత ఆ ఫైలును ఇంకొకరి ఫోనుకు పంపి అక్కడ తెరిపించండి. నాలుగు మాటలూ చెక్కుచెదరకుండా కనిపిస్తే ఆ ఎడిటర్ పాసు.

వర్డు పనికిరాదని నా అభిప్రాయం కాదు. పట్టికలు, ఫోటోలు, పెళ్ళి పత్రిక, పెన్షను లెక్కలు సాదా ఎడిటర్ వల్ల కావు. అవి ఫేర్ కాపీ పనులు. డ్రాఫ్టు సాదాగా ఉంటే దానినుంచి ఎన్ని ఫేర్ కాపీలైనా తీయవచ్చు. ఫేర్ కాపీ ఒక్కటే ఉండి అది తెరుచుకోకపోతే, నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. ఇంకొక మాట. ఎంత మంచి ఫైలైనా ఒక్కచోటే ఉంచకండి. కంప్యూటరులో ఒకటి, పెన్ డ్రైవులో ఒకటి, కాగితం మీద ఒకటి. టైపు అయింది కదా అని నోటు పుస్తకాన్ని తూకానికి వేయకండి.

చివరగా

మన కచేరీలో ఫైలు మూసేటప్పుడు దాని ఆయుష్షు కూడా మనమే రాసేవాళ్ళం. ఎల్.డిస్. అంటే ఏడాది, కె.డిస్. అంటే మూడేళ్ళు, డి.డిస్. అంటే పదేళ్ళు, ఆర్.డిస్. అంటే శాశ్వతం. ఊళ్ళో అందరి కాగితాలకూ ఆయుష్షు నిర్ణయించిన నేను, మా నాయన మాటలను మాత్రం పన్నెండేళ్ళు కూడా నిలవని చోట పెట్టాను. మీ ఇంటి కథ ఆర్.డిస్. ఫైలు. దానిని ఎవరైనా, ఎప్పుడైనా తెరవగలిగే సాదా ఫైలులో రాయండి.

నేను ఈ వ్యాసాన్ని నోట్‌ప్యాడ్‌లోనే రాసి సంపాదకులకు పంపుతున్నాను. మిగిలిన ఆ పంతొమ్మిది పుటలు కూడా అలాగే దిద్ది పెట్టుకున్నాను. మన తాలూకాలో ఏ సభ్యులకైనా చెరువుల కింది మడి పేర్లు, తూముల పేర్లు జ్ఞాపకం ఉంటే దయచేసి ఒక్క పుట రాసి సంఘానికి పంపగోరుతాను. ఎంత చిన్నదైనా ఫరవాలేదు, తప్పులున్నా ఫరవాలేదు. తుడిచి మళ్ళీ రాసుకోవచ్చు.

సెలవు.